సముద్రం ఒడ్డు హోటల్లో రెండు రాత్రులు: ఎనిమిదిన్నరకి విండో టేబుల్ తీసుకోవచ్చా?

కిటికీపక్క:

అమ్మానాన్నల నలభయ్యో పెళ్లిరోజు వస్తోంది. ఈసారి వస్తువులేవీ కొనకుండా ఎక్కడికైనా తీసుకెళ్దామని నేనూ తమ్ముడూ అనుకున్నాం. సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక పెద్ద హోటల్ చూశాను. ఐదు నక్షత్రాలది. కిందే మంచి పేరున్న రెస్టారెంట్ ఉంది. ఫొటోల్లో టేబుల్ అంచు దాటితే ఇక నీళ్ళే. రెండు రాత్రులు ఉండి, పెళ్లిరోజు డిన్నర్ అక్కడే చేద్దామని ప్లాన్.

టెన్షన్ ఎందుకంటే, మా ఇంట్లో ఎవరమూ ఇలాంటి చోట కూర్చుని తిన్నవాళ్ళం కాదు. మెనూ చేతికి రాగానే నాన్న చూపు కుడివైపు అంకెల మీదకే పోతుంది. ఆ తర్వాత "నాకు ఆకలిగా లేదు, మీరు తినండి" అంటారు. అమ్మ అయితే ఉప్పు కషాయంలా ఉన్నా "బాగుంది" అంటుంది. ఇద్దరి దగ్గరా నిజం రాబట్టడం కష్టం.

గదుల్లో సీ వ్యూ, సీ ఫేసింగ్ అని రెండు రకాలున్నాయి, రేటులో తేడా బాగానే ఉంది. మళ్ళీ వాటిలో సీపీ, ఎమ్ఏపీ అంటున్నారు. రెస్టారెంట్‌కి ఫోన్ చేస్తే "ఎనిమిదిన్నరకి విండో టేబుల్ ఒకటే మిగిలింది మేడమ్" అన్నారు. వెంటనే తీసేసుకోవాలనిపించింది కానీ ఆగాను. ఇంకో మాట, నాన్నకి మోకాళ్ళ నొప్పులు. వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా చెప్పండి.

బిల్లుభయం:

నాది ఒక్కటే సలహా. మెనూలో అంకె లేని చోట ఆగి అడగండి. నేను వెళ్ళినప్పుడు చేప పక్కన "ఎం.పీ." అని ఉంది. చెఫ్ గారి ఎంపిక కాబోలు అనుకుని దర్జాగా ఆర్డర్ చేశాను. మార్కెట్ ప్రైస్ అట. బిల్లు వచ్చాక తెలిసింది. ఆ రాత్రి సముద్రం హోరు నాకేమీ వినబడలేదు.

రెండోషిఫ్ట్:

పదకొండేళ్ళు ఇలాంటి హోటల్ రెస్టారెంట్‌లోనే సర్వీస్‌లో చేశాను, ఎక్కువ భాగం సాయంత్రం షిఫ్ట్. ఇప్పుడు మానేశాను కాబట్టి మొహమాటం లేకుండా చెప్తాను.

ఎనిమిదిన్నరకి విండో టేబుల్ వద్దు. పగలు అది కిటికీ అద్దం, చీకటి పడ్డాక ముఖం చూసుకునే అద్దం. లోపల లైట్లు వెలుగుతుంటాయి, బయట అంతా నలుపు, ఇక అందులో కనబడేది మీరూ, మీ వెనక టేబుల్ వాళ్ళూ. డబ్బు పెట్టి సముద్రం కోసం వచ్చినవాళ్ళు ఊరుకోరు కదా, కళ్ళకి రెండు పక్కలా చేతులు అడ్డం పెట్టుకుని, ముక్కు అద్దానికి ఆనించి చూసేవాళ్ళు. షిఫ్ట్ అయ్యాక ఆ ముక్కు మరకలు తుడవడం నా పని. రోజూ ఒకే ఎత్తులో ఓ వరుస పెద్దవాళ్ళవి, దాని కింద ఇంకో వరుస పిల్లలవి.

కాబట్టి ముందు ఆ హోటల్‌కి సముద్రం ఏ వైపు ఉందో మ్యాప్‌లో చూడండి. పడమర అయితే, సూర్యాస్తమయానికి ముప్పావుగంట ముందు టేబుల్ అడగండి. మొదటి పావుగంట ఎండ కళ్ళలో కొడుతుంది, నాన్నగారిని పక్కకి తిప్పి కూర్చోబెట్టండి. తూర్పు అయితే సూర్యుడు హోటల్ వెనకాల పార్కింగ్ మీద అస్తమిస్తాడు, "సన్‌సెట్ డిన్నర్" అని రాసి ఉన్నా సరే. కానీ తూర్పు తీరానికి ఒక లాభం ఉంది, చాలామంది మర్చిపోతారు. పౌర్ణమి నాడు అటు సూర్యుడు దిగే వేళకే ఇటు చంద్రుడు నీళ్ళలోంచి లేస్తాడు. తర్వాత రోజు నుంచి సుమారు యాభై నిమిషాల చొప్పున ఆలస్యం అవుతూ పోతాడు. పెళ్లిరోజు పౌర్ణమికి దగ్గర్లో ఉంటే క్యాలెండర్ చూసుకుని డిన్నర్ ఒక రోజు అటూ ఇటూ జరపండి. ఇసుకలో వేసే టేబుళ్ళు మాత్రం ఆ రోజుల్లో నమ్ముకోవద్దు. పౌర్ణమి, అమావాస్యలకి పోటు ఎక్కువ, నీళ్ళు పైదాకా వస్తే ఆఖరి నిమిషంలో అన్నీ లోపలికి మోసేస్తాం.

ఆరుబయట కూర్చోవాలనుకుంటే గాలి సంగతి కూడా చూడాలి. మధ్యాహ్నం నేల త్వరగా వేడెక్కుతుంది, నీళ్ళు అంత త్వరగా వేడెక్కవు, అందుకే గాలి సముద్రం మీంచి విసురుగా వస్తుంది. నాలుగింటికి టెర్రస్ మీద నాప్కిన్లు ఎగిరిపోతుంటాయి, సూప్ టేబుల్ చేరేసరికే చల్లారుతుంది. పొద్దుగూకాక ఆ గాలి పడిపోతుంది. రాత్రి నేల చల్లబడ్డాక అటు నుంచి సముద్రం మీదకి వీస్తుంది, మెల్లగా. ఈ రెండు గాలులకీ మధ్య కాసేపు కొవ్వొత్తి కూడా కదలదు. మా క్యాప్టెన్, అంటే సర్వర్లందరినీ చూసుకునేవాడు, తనకి బాగా నచ్చిన గెస్టులకి ఆ టైమే రాసేవాడు.

చేప విషయంలో బిల్లుభయం గారు చెప్పింది నిజం. మొత్తం చేప తీసుకుంటే బరువుని బట్టి ధర. శుభ్రం చేయకముందు బరువా, చేశాకా అన్నది అడగండి. చేపని టేబుల్ దగ్గరికి తెచ్చి చూపించమనండి, "ఇదొక్కటే బిల్లులో ఎంత పడుతుంది?" అని సూటిగా అడగండి. మేమెవరం చిన్నచూపు చూడం. అడక్కుండా తిని, చివర్లో గొడవ పడేవాళ్ళతోనే మాకు ఇబ్బంది. "ఏది బాగుంటుంది?" అని అడగొద్దు. "అన్నీ బాగుంటాయి మేడమ్" అనే జవాబు మాకు నిద్రలో కూడా వస్తుంది. "ఇవాళ ఏం వచ్చింది?" అని అడగండి. ఎదురుగా సముద్రం ఉంది కదా అని చేపలన్నీ అందులోవే అనుకోవద్దు. పడవలు వేటకి వెళ్ళని రోజులుంటాయి, ఫ్రీజర్ మాత్రం ఎప్పుడూ ఉంటుంది. అట్లాంటిక్ సాల్మన్ అయితే దాదాపుగా అంతా పెంపకం చేపే, నార్వే, చిలీ లాంటి చోట్ల పెంచింది. తప్పేం కాదు, కానీ "ఇక్కడి తాజా చేప" అనుకుని తినకూడదు. మొత్తం చేప చూపిస్తే కన్ను చూడండి. ఉబ్బెత్తుగా, తేటగా ఉండాలి. లోపలికి పీక్కుపోయి మసకబారితే మర్యాదగా వేరేది అడగండి.

ఐదు నక్షత్రాల మాట. అవి హోటల్‌వి, వంటవి కావు. వాటిని ఇచ్చేటప్పుడు ఎక్కువగా చూసేది గదులు, లిఫ్ట్, ఇరవై నాలుగు గంటల సర్వీస్ లాంటి వసతులు. వంటకిచ్చే మిషెలిన్ నక్షత్రం వేరు. టైర్ల కంపెనీ 1900లో కారు నడిపేవాళ్ళ కోసం వేసిన గైడ్ అది, 1926 నుంచి రెస్టారెంట్లకి నక్షత్రాలు ఇస్తోంది. హోటళ్ళకి వాళ్ళు 2024లో మొదలుపెట్టింది "తాళంచెవి" గుర్తు. ఎవరైనా "స్టార్" అనగానే ఏ స్టారో అడగాలి.

మీ నాన్నగారి అంకెల భయానికి మందు ఉంది. కొన్ని చోట్ల అంకెలు లేని మెనూ కార్డు విడిగా ఉంటుంది, బుక్ చేసేటప్పుడే అడగండి. లేదంటే మెనూ ముందే మీరే ఖాయం చేసి, బిల్లు గదికి రాయించండి. టేబుల్ మీదకి బిల్లు ఫోల్డర్ రాకూడదని క్యాప్టెన్‌కి చెవిలో చెప్పండి చాలు, మిగతాది అతను చూసుకుంటాడు. సంతకం మీరు బయట పెట్టొచ్చు. ఆ బిల్లులో సర్వీస్ ఛార్జ్ కలిపారో లేదో చూశాకే టిప్ సంగతి ఆలోచించండి.

ఉప్పుగాలి:

టేబుల్ గురించి అంతా చెప్పేశారు, నేను గది గురించి చెప్తాను. నాకు నిద్ర చాలా పల్చన, కాబట్టి ఈ విషయంలో నా అనుభవం పెద్దదే.

సీ వ్యూ, సీ ఫేసింగ్ అన్న మాటలకి ప్రతి హోటల్‌దీ దాని సొంత అర్థం. మామూలుగా సీ ఫేసింగ్ అంటే గది ముఖం నీళ్ళ వైపే. సీ వ్యూ అంటే ఎక్కడో కనబడుతుంది. నేనొకసారి సీ వ్యూ తీసుకుంటే, బాల్కనీ చివర నిలబడి మెడ ఎడమకి సాచితే రెండు భవనాల మధ్య నీలం గీత ఒకటి కనబడింది. అబద్ధం కాదు, వ్యూనే. ఫోన్లో "మంచం మీద కూర్చుంటే నీళ్ళు కనబడతాయా?" అని అడగండి. దానికి అవుననో కాదనో చెప్పక తప్పదు.

రెస్టారెంట్‌కి సరిగ్గా పైన ఉన్న గది తీసుకోవద్దు. వంటగది గొట్టంలోంచి వేపుడు వాసన, పదకొండింటి దాకా మ్యూజిక్, అది ఆగాక ఖాళీ సీసాలు డబ్బాలో పడేసే చప్పుడు. మీరు పాస్ అయిన పరీక్షలు కూడా ఫెయిలైనట్టు కలలొస్తాయి.

సీపీ అంటే గదితో బ్రేక్‌ఫాస్ట్. ఎమ్ఏపీ అంటే బ్రేక్‌ఫాస్ట్‌తో పాటు ఇంకో పూట భోజనం. కానీ ఆ పూట భోజనం చాలాచోట్ల బఫే హాల్లోనే, మీరు ఫొటోలో చూసిన రెస్టారెంట్‌లో కాదు. డ్రింక్స్ కూడా విడిగానే. మీ డిన్నర్ ఎలాగూ కింద చేస్తారు కాబట్టి సీపీ చాలు. ఒకవేళ ఎమ్ఏపీ తీసుకుంటే, ఆ రెస్టారెంట్ బిల్లులో ఎంత తగ్గిస్తారో మెయిల్‌లో రాయించుకోండి.

ఇంకొకటి, బాల్కనీ తలుపు తెరిచి ఉంచితే ఏసీ ఆగిపోయేలా చాలా హోటళ్ళలో స్విచ్ పెడతారు. పాడైందనుకుని ఫోన్లు చేయకండి. ఉప్పుగాలికి అద్దం మీద తెల్లటి పొర కడుతుంది, చేరగానే బయటివైపు తుడిపించండి. నాన్నగారి కోసం లిఫ్ట్ దగ్గరి గది అడగండి, రెస్టారెంట్‌కి ఎన్ని మెట్లు దిగాలో కూడా అడగండి. "కిందే ఉంది" అంటారు గానీ మెట్ల సంగతి చెప్పరు.

కిటికీపక్క:

రెండోషిఫ్ట్ గారూ, ఉప్పుగాలి గారూ, ఎంత మేలు చేశారో. మ్యాప్ చూశాను, తూర్పు! పెళ్లిరోజుకి మర్నాడే పౌర్ణమి. ఎనిమిదిన్నర టేబుల్ వద్దని చెప్పి, పౌర్ణమి సాయంత్రానికి టెర్రస్ అడిగాను. ఆ టైముకి ఎవరూ రారట, వెంటనే ఇచ్చేశారు. మెట్లు పద్నాలుగు, కానీ పక్కనుంచి ర్యాంప్ ఉంది. అడక్కపోతే చెప్పేవాళ్ళు కాదు. ఒక చిన్న డౌట్: "స్మార్ట్ క్యాజువల్" అని రాశారు, నాన్న మోకాళ్ళ వల్ల మెత్తటి చెప్పులే వేసుకుంటారు. ఆపేస్తారా?

రెండోషిఫ్ట్:

ఆపరు. ఆ రూలు నీళ్ళు కారే స్విమ్మింగ్ బట్టలతో, ఇసుక కాళ్ళతో వచ్చేవాళ్ళ కోసం. అయినా మోకాళ్ళ సంగతి బుకింగ్‌లో రాయించండి, గుమ్మం దగ్గర నిలబడే కుర్రాడు కొత్తవాడైతే ఇబ్బంది పడతాడు. కుర్చీ కూడా చేతులున్నది వేయించండి, లేవడానికి పట్టు ఉంటుంది.

కిటికీపక్క:

వెళ్ళొచ్చాం. చెప్పకపోతే బాగుండదు కాబట్టి రాస్తున్నాను.

చేరగానే కార్డు మీద కొంత మొత్తం బ్లాక్ చేశారు, అదనపు ఖర్చులకి డిపాజిట్ అట. ఆ మెసేజ్ నాన్న కంట్లో పడింది. "అప్పుడే కోసేశారా!" అని గది చూడకుండానే డీలా పడ్డారు. ఖాళీ చేశాక వదిలేస్తారని అర్థమయ్యేలా చెప్పేసరికి గంట పట్టింది. ఇది ఇక్కడ ఎవరూ చెప్పలేదు, వెళ్ళేవాళ్ళు గుర్తుపెట్టుకోండి.

డిన్నర్‌కి అంకెలు లేని కార్డు ఇచ్చారు. నాన్న అటు తిప్పి ఇటు తిప్పి, వెనక అట్ట కూడా చూసి, ఇక వేరే దారి లేక వంటకాల పేర్లు చదివారు. నలభై ఏళ్ళలో మెనూలో ఎడమవైపు చదవడం ఇదే మొదటిసారేమో. చేపని తెచ్చి చూపిస్తే కన్ను దగ్గరికి వంగి పరీక్షించింది మాత్రం అమ్మే.

చంద్రుడు రాలేదు. మబ్బు. నేను వాచీ చూస్తూ కూర్చున్నాను, తమ్ముడు నన్ను చూసి నవ్వుతున్నాడు. తిండి అయిపోయి, ప్లేట్లు కూడా తీసేశాక, మబ్బు కింద అంచు నుంచి రాగి రంగు ముక్క ఒకటి బయటపడింది. అప్పటికి నీళ్ళ నుంచి జానెడు పైకి వచ్చేశాడు. నాన్న సర్వర్‌ని పిలిచారు. బిల్లు అడుగుతారేమోనని నా గుండె జారిపోయింది. "బాబూ, రేపు ఇది ఎన్నింటికి వస్తుంది?" అన్నారు.

మర్నాడు మబ్బు లేదు. యాభై నిమిషాల లెక్క వేసుకుని, ఇద్దరూ బాల్కనీలో కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఏసీ ఆగిపోయిందని నేను లోపల్నుంచి అరిచినా తలుపు వేయలేదు.

అమ్మ ఆ చేప బాగుందని తిరుగు ప్రయాణంలో మళ్ళీ అంది. అమ్మ ఏదైనా బాగుందని రెండోసారి అనడం నేనెప్పుడూ వినలేదు.