అప్‌డేట్: ముఖం పట్టిచ్చిన సాఫ్ట్‌వేర్‌ని లాయర్ నిలదీయొచ్చా?

న్యూజెర్సీలో ఉన్న మా ఫ్రెండ్ కేసు గురించి మొన్న అడిగాను కదా. పోలీసులు సీసీటీవీ ఫొటోని ఫేషియల్ రికగ్నిషన్‌లో (ముఖాల్ని పోల్చి చూసే సాఫ్ట్‌వేర్‌లో) వేస్తే వాడి ముఖం వచ్చిందట, ప్రభుత్వం పెట్టే లాయర్ దీనిమీద ఏమైనా చేయగలరా అని. చేయగలరు.

వాడికి ప్రభుత్వం పెట్టిన లాయర్, అంటే పబ్లిక్ డిఫెండర్ మేడమ్, మొదట ఎత్తింది 2023 జూన్ తీర్పు. ఏ సాఫ్ట్‌వేర్ వాడారు, దాని తప్పుల రేటెంత, ఫొటోని ఎడిట్ చేశారా, జాబితాలో ఇంకెవరి ముఖాలు వచ్చాయి, ఇవన్నీ డిఫెన్స్‌కి, అంటే నిందితుడి తరఫు వాళ్లకి, ఇవ్వాలని అక్కడి అప్పీల్ కోర్టు చెప్పింది. అంతకుముందు 2021లో ట్రూఅలీల్ అనే డీఎన్‌ఏ సాఫ్ట్‌వేర్ విషయంలోనూ అంతే. వ్యాపార రహస్యమని కంపెనీ ఎంత మొత్తుకున్నా, సుమారు 1,70,000 లైన్ల సోర్స్ కోడ్‌ని (సాఫ్ట్‌వేర్ అసలు ప్రోగ్రామ్‌ని) డిఫెన్స్ నిపుణుడికి షరతులతో చూపించమంది.

"కంప్యూటర్ అబద్ధమాడదు, నేరం ఒప్పేసుకోమను" అని నాతో అన్న అంకుల్‌గారికి ఒక మాట: ఫేషియల్ రికగ్నిషన్ ఇచ్చేది పోలికలున్న ముఖాల జాబితా మాత్రమే. అందులోంచి ఒకణ్ని ఎంచేది మనిషే.

ఆ వివరాలు ఇప్పించమని మేడమ్ కోర్టులో మోషన్ (అర్జీ) వేశారు. ప్రాసిక్యూటర్ జవాబు ఇంకా రాలేదు, టెన్షన్ మాత్రం కాస్త తగ్గింది.