ముసురు రోజుల్లో ఇంటింటి సువార్త, సేవ: శ్రీకాకుళంలో వారాన్ని ఎలా నడుపుకోవాలి?

ప్రశ్న: శ్రీకాకుళంలో సేవ చేస్తున్న ఒక యువ సువార్తికుడు

అందరికీ వందనాలు. మాది గుంటూరు వైపు. మా సంఘం పంపగా శ్రీకాకుళం వచ్చి, మరొక సహోదరునితో కలిసి సేవ చేస్తున్నాను. ఎక్కడికి వెళ్లినా ఇద్దరమూ కలిసే వెళ్లాలన్నది మాకు పెట్టిన నియమం. బట్టలు ఉతుక్కోవడం, ఇంటికి ఉత్తరం రాయడం, మమ్మల్ని పంపినవారికి వారపు నివేదిక పంపడం వంటి పనులు సోమవారం చూసుకుంటాము. మంగళవారం నుంచి శనివారం వరకు ఉదయం ఏదైనా సేవాకార్యం, సాయంత్రం ఇంటింటి దర్శనం ఉంటాయి. ఆదివారం ఆరాధన. ఎండలు కాసినన్నాళ్లూ ఈ క్రమం సాఫీగానే సాగింది. శ్రావణం వచ్చి ముసురు పట్టాక మాత్రం దీన్ని ఎలా కొనసాగించాలో తెలియడం లేదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తున్న సంగతి ఒకటి ఉన్నది. మొన్న బలగ వైపు వెళ్లినప్పుడు ఒక్కసారిగా వాన దంచడంతో ఒక పెంకుటింటి చూరు కిందికి చేరాము. చూరు నుంచి కారుతున్న నీళ్లకు తపేలా పట్టిన ఒక పెద్దావిడ మమ్మల్ని చూసి, "ఇటు రండి బాబూ, తడిసిపోనారు" అంటూ అరుగు మీద ఆరబెట్టిన గోనెసంచులు పక్కకు లాగి, తడవని చోట మమ్మల్ని కూర్చోబెట్టారు. ఆవిడ మాత్రం జల్లు కొడుతున్న చివర నిలబడ్డారు. నాతో ఉన్న సహోదరుడు కరపత్రం తీసి సువార్త చెప్పాడు. ఆవిడ అడ్డు చెప్పకుండా విన్నారు. ఆవిడ మనసు పెట్టి విన్నారని అతను సంతోషించాడు. వానలో మనిషిని వెళ్లిపొమ్మనలేక ఊరుకున్నారేమోనని నాకు అనిపించింది. ఇటువంటి సందర్భంలో సువార్త చెప్పడం ధర్మమేనా?

రెండవ సంగతి. ఉదయం పూట తలుపులు తట్టినా ఊళ్లలో పెద్దవాళ్లు, పిల్లలు తప్ప ఎవరూ కనబడటం లేదు. ఈ వానల్లో తలుపులు తట్టే వేళను తగ్గించి సేవకు ఎక్కువ సమయం ఇస్తే బాగుంటుందా? అలాగైతే ఇక్కడి పరిస్థితులకు తగిన సేవ ఏది? స్థానికులు, అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు: విజయనగరంలో ఒక సంఘకాపరి

బాబూ, మీరు మొదట అడిగినదే అసలైన ప్రశ్న. వానకు చూరు కింద నిలబడ్డ మనిషిని పొమ్మనడం మా ప్రాంతంలో ఎవరికీ చేతకాదు. కులమూ మతమూ అడగకుండా ముందు తల తుడుచుకోవడానికి తువ్వాలు ఇస్తారు. అది వారు పాటించే మర్యాదే గాని మన మాట వినడానికి వారు ఇచ్చిన సమ్మతి కాదు. అందువల్ల వానకు తలదాచుకున్న ఇంట్లో, ఆ ఇంటివారు తమంతట తాము అడిగితే తప్ప, సువార్త ప్రస్తావన తేకూడదని నా దృఢమైన అభిప్రాయం. మంచినీళ్లు ఇస్తే తాగండి, వారి పంట సంగతి, పిల్లల సంగతి అడగండి, వాన వెలియగానే లేచి రండి. మరొక తెరిపి రోజున మళ్లీ వెళ్లి, వీధిలోనే నిలబడి, "మీతో కాసేపు మాట్లాడవచ్చా అమ్మా?" అని అడగండి. అప్పుడైతే ఆవిడ "ఇప్పుడు కుదరదు బాబూ" అని నిర్మొహమాటంగా చెప్పగలరు. ఆ వీలు ఆవిడకు ఇచ్చిన తరువాత రమ్మంటే, అది నిజంగా రమ్మనడమే.

లూకా సువార్త పదవ అధ్యాయంలో ప్రభువు శిష్యులను ఇద్దరిద్దరినిగా పంపుతూ ఇంటింటికి తిరగవద్దని చెప్పిన మాటను చూపించి, తలుపులు తట్టడమే తప్పని వాదించేవారు ఉన్నారు. అక్కడి సందర్భం బస గురించినది. ఆదరించి అన్నం పెట్టిన ఇంటిని వదిలి ఇంకా మంచి ఇల్లు వెతుక్కుంటూ పోవద్దని దాని భావమని నేను గ్రహించాను. అపొస్తలుల కార్యములు ఇరవయ్యవ అధ్యాయంలో పౌలు ఎఫెసు సంఘపెద్దలతో తాను బహిరంగంగానూ ఇంటింటానూ బోధించానని చెబుతాడు. కాబట్టి ఇంటింటికి వెళ్లడానికి లేఖనం అడ్డు కాదు. అయితే అదే లూకా అధ్యాయం, చేర్చుకోని ఊరి నుంచి వెళ్లిపొమ్మని కూడా చెప్పింది. వద్దన్నవారి గేటుకు కరపత్రం గుచ్చి రావడం ఆ మాటకు లోబడటం కాదు.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండటం మంచిది. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ప్రచారం చేసుకునే హక్కును ఇస్తూనే దాన్ని ప్రజాశాంతికి, నైతికతకు, ఆరోగ్యానికి లోబరిచింది. ఆ హక్కులో ఎదుటివారిని మతం మార్చే హక్కు లేదని సుప్రీంకోర్టు 1977లో స్టానిస్లాస్ కేసులో తీర్పు చెప్పింది. ప్రభుత్వం ప్రకటించిన పుణ్యక్షేత్రాల్లో అన్యమత ప్రచారాన్ని నిషేధిస్తూ 2007లో మన రాష్ట్రంలో చట్టం వచ్చింది. చట్టం మాట అటుంచి, అరసవల్లికి గాని శ్రీకూర్మానికి గాని దర్శనానికి వచ్చిన భక్తుల చేతిలో కరపత్రం పెట్టడం మర్యాద కాదు. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా వస్తుంది. అక్కడ 1967 నుంచి మతమార్పిడులపై వేరే చట్టం అమలులో ఉన్నది. విదేశాల నుంచి అతిథులు ఎవరైనా మిమ్మల్ని చూడటానికి వస్తే, పర్యాటక వీసాతో వచ్చినవారి చేత ఎక్కడా బోధ చేయించకండి.

రెండవ జవాబు: టెక్కలి వైపు చాలాకాలం పనిచేసిన ఒక నర్సు

తమ్ముడూ, ఉదయం ఇళ్లలో ఎవరూ ఉండకపోవడానికి కారణం ఉభాలు, అంటే వరి నాట్లు. శ్రావణంలో వాన పడితే ఆడవాళ్లు తెల్లవారకముందే గంజో అంబలో తాగి నాట్లకు వెళ్లిపోతారు, చీకటి పడే వేళకు గాని తిరిగి రారు. నడుం పట్టేసి, కాళ్లు నీళ్లలో నాని వచ్చిన మనిషి ముందు పొయ్యి వెలిగించుకోవాలి; ఆ తడిసిన పుల్లలు అంటుకునేసరికే గంట గడిచిపోతుంది. ఆ వేళకు మీరు తలుపు తడితే దేవుని మాట చెప్పడానికి వచ్చినా విసుగే వస్తుంది. మగవాళ్లలో చాలామంది హైదరాబాదుకో చెన్నైకో వలస పోయి ఉంటారు. ఇళ్లలో మిగిలేది ముసలివాళ్లే. కాబట్టి ఉభాలు అయ్యేదాకా తలుపులు తట్టడం బాగా తగ్గించండి. ఆ ముసలివాళ్లకు ఏం కావాలో చూడండి.

ఏం కావాలో నేను చూసినంతవరకు చెబుతాను. ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వంటి మండలాల్లో, మూత్రపిండాల జబ్బు ఎంతమందిని పట్టి పీడిస్తున్నదో మీరు వినే ఉంటారు. డయాలసిస్ అవసరమైనవారు సాధారణంగా వారానికి రెండు మూడుసార్లు వెళ్లవలసి ఉంటుంది. వానకు ఆటో రాకపోయినా, వెంట వెళ్లే కొడుకు ఊళ్లో లేకపోయినా ఒక విడత తప్పిపోతుంది. అలా తప్పితే ఒంటికి నీరు పట్టి ఊపిరి ఆడదు, రక్తంలో పొటాషియం పెరిగి గుండెకే ప్రమాదం వస్తుంది. ఇద్దరు వయసు కుర్రాళ్లు ఒక ఊరి ఆశా కార్యకర్తను కలిసి, "తోడు లేనివారు ఎవరైనా ఉంటే మేం వెంట వెళతాం" అని చెప్పి, మాట తప్పకుండా వెళితే, అంతకు మించిన సేవ ఈ జిల్లాలో లేదని నేను నమ్ముతాను. ఆసుపత్రిలో నాలుగు గంటలు కూర్చోవలసి వస్తుంది. ఆ మంచం పక్కన కూడా, రోగి అడగనిదే ప్రార్థన మొదలుపెట్టకండి. సూది గుచ్చి ఉన్న మనిషి లేచి వెళ్లలేడు కదా.

శ్రీకాకుళం పట్టణంలోనే ఉంటే, తోటపల్లి నుంచి నీళ్లు వదిలారన్న మాట వినగానే నాగావళి ఒడ్డున ఉన్న వీధుల్లో సామాన్లు ఎత్తి పెట్టడానికి మనుషులు కావలసివస్తారు. నీళ్లు తీశాక బురద ఎత్తాలి. ఆ పని ఒట్టి కాళ్లతో చేయకండి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లు కాలి పుండుకు తగిలితే లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు రావచ్చు. జ్వరంతో పాటు పిక్కలు విపరీతంగా నొప్పి పెట్టి, కళ్లు ఎర్రబడితే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లి, వరద నీళ్లలో దిగిన సంగతి తప్పక చెప్పండి. మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు కొనుక్కోండి. మీ సంచిలో కరపత్రాల కంటే ముందు ఓఆర్‌ఎస్ పొట్లాలు ఉండాలి. ఒక పెద్ద పొట్లం లీటరు నీళ్లలో కలపాలని, కాచి చల్లార్చిన నీళ్లయితే మంచిదని, కలిపినది మర్నాటికి వాడకూడదని చెప్పి ఇవ్వండి. వానల్లో కట్లపాము ఇళ్లలోకి వస్తుంది. అది కరిచిన చోట వాపు, నొప్పి పెద్దగా ఉండవు గనుక తెల్లారి చూద్దామని ఊరుకుంటారు. అలా ఊరుకోకుండా, గాటు పెట్టకుండా, గట్టిగా కట్టు కట్టకుండా, కాలు కదలనివ్వకుండా 108కి ఫోన్ చేసి యాంటీవెనం ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. ఈ మాట నలుగురికి చెప్పినా మీ వారం సార్థకమే.

ఇంకొక్క మాట. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాక మా వైపు ఎన్నో బృందాలు వచ్చాయి. టార్పాలిన్లు ఇచ్చి, పేరు కూడా చెప్పకుండా వెళ్లిపోయినవారిని ఊళ్లో ఇప్పటికీ తలుచుకుంటారు. బియ్యం ఇచ్చే ముందు అందరినీ కూర్చోబెట్టి పాటలు పాడించిన బృందం మీద మాత్రం ఆ కోపం ఇంకా పోలేదు. నేను కూడా విశ్వాసినే. ఆకలితో వరుసలో నిలబడ్డవారి చేత పాడించిన ఆ పాటలు నా చెవులకు ఎంతో బాధ కలిగించాయి.

మూడవ జవాబు: విజయనగరం కోట దగ్గర నివసించే ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

నేను క్రైస్తవుణ్ణి కాను. మీరు తట్టే తలుపులకు లోపలివైపున ఉండేవాణ్ణి గనుక నా మాట కూడా పనికివస్తుందని రాస్తున్నాను. మీ వంటి యువకులు మా వీధికి వస్తూనే ఉంటారు. నేను వారితో మర్యాదగానే మాట్లాడతాను, వారూ మర్యాదగానే ఉంటారు. అయితే శ్రావణమాసం మా ఇళ్లలో పూజల నెల అన్న సంగతి దూరం నుంచి వచ్చినవారు గమనించాలి. శుక్రవారం ఉదయం, ముఖ్యంగా పౌర్ణమికి ముందు వచ్చే వరలక్ష్మీ వ్రతం నాడు, గడపకు పసుపు రాసి, బొట్లు పెట్టి, తడి ఆరని ముగ్గు వేసి ఉంటుంది. బురద చెప్పులతో ఆ ముగ్గు మీద నిలబడి గంట నొక్కినవారు తరువాత ఎంత మంచి మాట చెప్పినా మా ఇంటి ఆడవారి చెవికి ఎక్కదు. శుక్రవారాలు ఇంటింటి దర్శనం పూర్తిగా మానుకోండి. దసరా తరువాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. మీరెప్పుడైనా మా ఊరు వచ్చేటట్లయితే ఆ వారం కూడా ఈ పని పెట్టుకోకండి.

ఇంట్లో ఆడమనిషి ఒక్కరే ఉన్నారని తెలిస్తే లోపలికి రమ్మన్నా వెళ్లవద్దు. వాన చప్పుడులో మాట వినబడక గొంతు పెంచుతారు, అది ఇరుగుపొరుగుకు తగాదాలాగా వినబడుతుంది. గొడుగు ముడిచి, గేటు బయట నిలబడి, మీరెవరో, ఎందుకు వచ్చారో మొదటి వాక్యంలోనే చెప్పండి. సర్వే అనో, ఆరోగ్యం గురించి అనో మొదలుపెట్టి, చివరకు మతం దగ్గరికి తీసుకువస్తే మోసపోయామన్న భావన కలుగుతుంది. సువార్త చెప్పడానికి వచ్చామని సూటిగా చెప్పిన కుర్రాళ్లతోనే నేను ఎక్కువసేపు మాట్లాడాను.

ప్రశ్నించినవారి స్పందన

అయ్యగారికి, అక్కగారికి, మాస్టారికి కృతజ్ఞతలు. మీ మాటలు మా సహోదరునికి కూడా చదివి వినిపించాను. వానకు తలదాచుకున్న చోట బోధ చేయకూడదని ఇద్దరమూ అనుకున్నాము. శుక్రవారం దర్శనాలు తీసివేసి, ఆశా కార్యకర్తను కలవడానికి మంగళవారం పెట్టుకున్నాము. ఒక చిక్కు మాత్రం మిగిలింది. ఎన్ని ఇళ్లు దర్శించామో, ఎందరు విన్నారో వారపు నివేదికలో రాయాలి. ఈ పద్ధతిలో ఆ అంకెలు బాగా పడిపోతాయి. మమ్మల్ని పోషిస్తున్నవారికి ఏమని రాయాలి?

విజయనగరం సంఘకాపరి

ఉన్నది ఉన్నట్టు రాయండి. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డిగ్రాంజిస్ 1805లో విశాఖపట్నం వచ్చి, తెలుగు నేర్చుకుని, సువార్తలను తెలుగులోకి తేవడానికి పూనుకున్నారు. క్రాన్ 1809లో, డిగ్రాంజిస్ 1810లో చనిపోయారు. వారు మొదలుపెట్టిన పని 1812లో సేరాంపూరులో అచ్చయింది గాని ఆ పుస్తకాన్ని వారిద్దరిలో ఎవరూ చూడలేదు. వారం వారం అంకెలు అడిగి ఉంటే వారు ఏమి చూపించగలిగేవారు? మీ పెద్దలకు ఈ సంగతి గుర్తుచేస్తూ, ఉభాలు జరుగుతున్నందున దర్శనాలు తగ్గించామని, ఆ సమయంలో ఫలానా పని చేశామని కారణంతో సహా రాయండి. డయాలసిస్‌కు తోడు వెళ్లిన సంగతి రాసేటప్పుడు రోగి పేరు గాని ఊరు గాని రాయకండి. బురద ఎత్తిన ఇంటివారి ఫొటోలు, మీరు సాయం అందిస్తున్న ఫొటోలు అసలే పంపకండి. వారు తమ కష్టకాలపు ఫొటో ఎక్కడో ఒక సంఘం గోడ మీద ఉండాలని కోరుకోలేదు. పెద్దలు ఒప్పుకోకపోతే ఇక్కడే నాకు సందేశం పెట్టండి, నేను వారితో ఫోనులో మాట్లాడతాను.