వియత్నాం వాళ్ళ ‘యా’: ఒప్పుకున్నట్టా, విన్నట్టా?

ప్రశ్న: మా కంపెనీకి హో చి మిన్ సిటీలో ఒక సప్లయర్ ఉన్నారు. కాల్‌లో మేం ఏం చెప్పినా ‘యా, యా’ అంటారు. సరే ఒప్పుకున్నారు కదా అని మెయిల్ పెడితే, మేం అలా అనలేదే అంటున్నారు. ఒకటే టెన్షన్. అసలు ఆ మాటకి అర్థం ఏంటి?

జవాబు: అది ఇంగ్లీషు ‘యా’ కాదండి, అచ్చమైన వియత్నామీస్ మాట. దక్షిణాన ‘యా’ అని, హనోయి వైపు ‘జా’ అని పలుకుతారు. గొంతు కిందికి దించి టక్కున ఆపేస్తారు.

అది ‘అవును’ కాదు, ‘కాదు’ కూడా కాదు. పెద్దల మాటకు మర్యాదగా బదులివ్వడం, అంతే. అందుకే దాని వెనకాల ఏ మాటైనా రావచ్చు. ‘యా ఖోమ్’ అంటే ‘లేదండి’. మీరు మొదటి ముక్క విని ఫోన్ పెట్టేస్తే రెండో ముక్క ఎవరు వినాలి?

దీనికి తోడు, అక్కడ ‘నేను’, ‘నువ్వు’ కూడా చాలావరకు చుట్టరికాలే. మనమూ ముక్కూమొహం తెలియని వాళ్ళని అన్నా, అక్కా అంటాం కానీ మన ‘నేను’ మాత్రం మారదు. అక్కడ అదీ మారుతుంది. తనకంటే పెద్దవాడితో మాట్లాడేవాడు తనని తాను ‘ఎమ్’, అంటే తమ్ముడు, అనుకుంటూ మాట్లాడతాడు. కొత్తవాళ్ళు కలవగానే వయసు అడిగేది అందుకే, ఆరా తీయడానికి కాదు. తమ్ముడి వరసలో కూర్చున్న ఉద్యోగి నలుగురి ముందు మీకు ‘కుదరదు’ అని ఎలా చెప్పగలడు? ‘కొంచెం కష్టం’ అంటాడు, లేదా ‘సెప్‌ని అడిగి చెప్తాను’ అంటాడు. (సెప్ అంటే బాస్. ఫ్రెంచివాళ్ళ పాలనలో వచ్చి చేరిన మాట.) నా లెక్కలో ఆ ‘కొంచెం కష్టం’ దాదాపుగా ‘కాదు’ కిందే.

మరో సభ్యురాలు: మా గోదావరి జిల్లాల ‘ఆయ్’ గుర్తొచ్చిందండి! ‘ఆయ్, అలాగేనండి’ అంటాం, ‘ఆయ్, కుదరదండి’ అనీ అంటాం.

జవాబు: భలే పట్టారు, సరిగ్గా అదే. నేను ‘చిత్తం’తో పోల్చబోయాను కానీ అది కుదరదు. చిత్తం అన్నాక ఆజ్ఞ తలకెత్తుకున్నట్టే.

మళ్ళీ ప్రశ్న: మరి నిజంగా ఒప్పుకున్నారని తెలిసేదెలా?

జవాబు: ‘శుక్రవారానికి ఇస్తారా?’ అని అడక్కండి, ‘యా’నే వస్తుంది. ‘ఏ రోజుకి ఇవ్వగలరు, ఎవరు చూస్తారు?’ అని అడగండి. అప్పుడు తేదీ, పేరు చెప్పక తప్పదు. ఇబ్బంది ఏదైనా ఉంటే మీటింగులో బయటపడదు. తర్వాత జాలోలో (వాట్సాప్ లాంటి అక్కడి మెసేజింగ్ యాప్) విడిగా పలకరిస్తే చెప్తారు. అసలు ఒప్పందం మాత్రం కంపెనీ తరఫున చట్టప్రకారం సంతకం చేసే అధికారం ఉన్నవారి చేతిలోనే ఉంటుంది. ముద్ర ఎలా ఉండాలన్నది 2020 నాటి చట్టం కంపెనీలకే వదిలేసింది. అయినా ఇప్పటికీ సంతకం మీద గుండ్రటి ఎర్రముద్ర పడందే చాలామంది దాన్ని ఒప్పందంగా లెక్కవేయరు.