తాయ్ చీ చేస్తుంటే మోకాలు లాగుతోంది, మామూలేనా?

ప్రశ్న:
తాయ్ చీ (నెమ్మది కదలికలతో చేసే చైనా వ్యాయామం) ఈమధ్యే మొదలుపెట్టాను. నేర్చుకుంటున్నది అందులో యాంగ్ అనే శైలిలోని 24 కదలికల ఫారమ్, అంటే ఒకదాని తర్వాత ఒకటి చేసే కదలికల వరుస. చేతులు ఎలాగోలా వస్తున్నాయి గానీ, అడుగు వేసి ఒళ్లు తిప్పేసరికి కుడి మోకాలు లోపలివైపు లాగుతోంది. చూడ్డానికి ఇంత నెమ్మది, తొడలు మాత్రం వణికిపోతున్నాయి! అందరికీ ఇలాగే ఉంటుందా?

జవాబు 1:
తొడలు వణకడం మామూలేనండీ, చాలాసేపు బరువంతా ఒక్క కాలి మీదే ఉంటుంది కదా. మోకాలు లాగడం మాత్రం మామూలు కాదు. బరువున్న పాదం కదలకుండా నడుము తిరిగితే ఆ మెలి మోకాలి మీద పడుతుంది. ముందు బరువు వెనక్కాలి మీదికి తీసుకుని, ముందు పాదాన్ని మడమ మీద తిప్పి, అప్పుడు ముందుకు రండి. మోకాలు కాలివేళ్ల దిశలోనే ఉండాలి. మరీ కిందికి కూర్చోకండి.

జవాబు 2:
రెండు పాదాలూ ఒకే గీత మీద పడుతున్నాయేమో చూసుకోండి, అలా పడితే తూలిపోతారు. 24 ఫారమ్‌ను 1956లో చైనాలో తేలికగా నేర్చుకోవడానికే కుదించారు. అయినా మొత్తం ఒకేసారి పట్టేయాలని టెన్షన్ పడక్కర్లేదు.

ప్రశ్న అడిగినవారు:
మడమ మీద తిప్పి చూశాను, లాగడం తగ్గింది. ఇప్పుడు చేతులు మర్చిపోతున్నాను!

జవాబు 1:
కొన్నాళ్లు చేతులు నడుము మీద పెట్టుకుని కాళ్లతోనే చేయండి. నొప్పి మళ్లీ వస్తే డాక్టర్‌కి చూపించండి.