అప్‌డేట్: సుడో ఇచ్చినా హోస్ట్స్ ఫైల్ సేవ్ కాలేదు, ఇప్పుడు పరిష్కారమైంది

సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్‌లో వచ్చిన ఉబుంటుని (ఒక లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) నా పనికి తగ్గట్టు మార్చుకుంటుంటే, సిస్టమ్ సెట్టింగులుండే ఈటీసీ ఫోల్డర్‌లోని హోస్ట్స్ ఫైల్ (ఏ పేరుకు ఏ ఐపీ అడ్రస్ అన్నది రాసుండేది) మాత్రం సేవ్ కావట్లేదని, సుడోతో, అంటే అడ్మిన్ అధికారంతో చేసినా ‘ఆపరేషన్ నాట్ పర్మిటెడ్’ అంటోందని ఇక్కడే అడిగాను. సాయం చేసిన అందరికీ థాంక్స్.

ఫైల్‌కున్న ప్రత్యేక గుర్తులు చూపే ‘ఎల్‌ఎస్‌ఏటీటీఆర్’ (lsattr) కమాండ్ కొట్టి చూడమన్న సలహాతోనే సంగతి తేలింది. ఫైల్ పేరుకు ముందు వచ్చే గీతల వరుసలో చిన్న ‘ఐ’ అక్షరం కనిపించింది. అంటే ఎవరో ఆ ఫైల్‌ని ఇమ్యూటబుల్ (మార్చడానికి వీల్లేకుండా) చేసి పెట్టారు. అది ఉన్నంతవరకు రూట్‌కి (పూర్తి అధికారమున్న అడ్మిన్ యూజర్‌కి) కూడా ఫైల్‌ని మార్చడం, తుడిచేయడం, పేరు మార్చడం కుదరదు. ఆ గుర్తు తీసేసే ‘సుడో సీహెచ్‌ఏటీటీఆర్ మైనస్ ఐ’ (sudo chattr -i) తర్వాత ఫైల్ పేరు ఇచ్చాను, వెంటనే సేవ్ అయింది.

777 పర్మిషన్లు (అందరికీ అన్ని అనుమతులు) ఇవ్వడం, ఓనర్ మార్చడం దీనికి పనికిరావు, అవీ అదే ఎర్రర్‌తో ఆగిపోతాయి. డిస్క్ రీడ్-ఓన్లీ అయిందేమో అన్న అనుమానం కూడా నిజం కాదు, అలాగైతే ఎర్రర్‌లోనే ‘రీడ్-ఓన్లీ ఫైల్ సిస్టమ్’ అని వస్తుంది. రీఇన్‌స్టాల్ అవసరం అసలే రాలేదు.

వాడిన మెషీన్ కొన్నవాళ్లు ఎల్‌ఎస్‌ఏటీటీఆర్‌కి పెద్ద ‘ఆర్’ ఆప్షన్ (లోపలి ఫోల్డర్లు కూడా చూపేది) ఇచ్చి ఈటీసీ మొత్తాన్ని ఓసారి చూసుకోండి. ప్యాకేజీల ఫైళ్లకు ఈ తాళం ఉంటే అప్‌డేట్లు కూడా మధ్యలో ఆగిపోతాయి.