ఇమేజర్ మేనేజర్‌కి ఆప్టిక్స్ లోతుగా రావాల్సిందేనా?

పెన్నాగట్టు: శ్రీహరికోట రాకెట్ కేంద్రం షార్ తిరుపతి జిల్లాలోకి పోయినా మన నెల్లూరు పిల్లలకు ఉపగ్రహం అంటే రాకెట్టే. లోపలి కెమెరాను, అంటే ఇమేజర్‌ని, గీసిన బొమ్మ దగ్గర్నుంచి కక్ష్యలో తొలి చిత్రం దాకా నడిపే ఉద్యోగం ఇంకోటుంది, పేలోడ్ (ఉపగ్రహం మోసే పరికరం) మేనేజర్ది. ఆప్టిక్స్ (అద్దాలు, లెన్సుల శాస్త్రం) చదవనివాళ్లకు ఆ కుర్చీ ఇవ్వకూడదంటాను. 1990లో పైకెళ్లిన హబుల్ టెలిస్కోప్ అద్దం అంచుని తయారీలోనే 2.2 మైక్రాన్లు ఎక్కువ అరగదీశారు. తెలిసినోళ్లుంటే అట్టా పోనిస్తారా?

ఒంగోలుగిత్త: హబుల్ సంగతి పక్కన పెట్టండి, మనకు కావాల్సింది తుఫాను. మన వాతావరణ ఉపగ్రహం ఇన్సాట్-3డీఎస్ ఇమేజర్‌కి ఆరు చానళ్లు. చిత్రంలో ఒక్కో చుక్క నేల మీద ఎంతంటే, దృశ్యకాంతిది 1 కి.మీ., థర్మల్ ఇన్‌ఫ్రారెడ్‌ది 4, నీటి ఆవిరిది 8. రాత్రి దృశ్యకాంతి పనికిరాదు, ఇన్‌ఫ్రారెడ్డే దిక్కు. దానికి డిటెక్టర్ (వెలుగుని పట్టే చిప్) చల్లగా ఉండాలి. 2018లో పైకెళ్లిన అమెరికా వాతావరణ ఉపగ్రహం గోస్-17ని చూడండి. డిటెక్టర్ల వేడిని బయటికి మోసి చల్లబరిచే లూప్ హీట్ పైపుల్లో నలుసులు అడ్డుపడి ఉంటాయని విచారణలో తేల్చారు. ఏడాదిలో కొన్ని వారాలు రాత్రిపూట డిటెక్టర్లు వేడెక్కి ఇన్‌ఫ్రారెడ్ చిత్రాలు పాడయ్యేవి. లెన్సులు బాగానే ఉన్నాయి. మేనేజర్‌కి రావాల్సింది థర్మల్, అంటే వేడి లెక్క.

కోటమిట్ట: ఎస్‌డబ్ల్యూఐఆర్ (షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్) చానల్ కూడా 1 కి.మీ.నే. వదిలేశారు.

ఒంగోలుగిత్త: అదీ ఎండ వెలుగు మీదే బతికేది. రాత్రికి లెక్కలోకి రాదు.

కోటమిట్ట: రాకపోయినా ఆరు అన్నాక ఆరూ రాయాలి కదా.

పులికాట్‌కొంగ: ఇద్దరూ మురికిని మర్చిపోయారు. చల్లటి డిటెక్టర్ కిటికీ మీద పల్చటి మంచు పొర పడినా ఇన్‌ఫ్రారెడ్ సిగ్నల్ పడిపోతుంది. వాక్యూమ్ చాంబర్లో పరీక్ష అయ్యాక గాలి వదిలే ముందు డిటెక్టర్ని చుట్టూ ఉన్న వాటికంటే వెచ్చగా తేవాలి. లేకపోతే చాంబర్లోని తేమ, జిగురు ఆవిరి అంతా దాని మీదే పేరుకుంటుంది. సముద్రం ఒడ్డున లాంచ్ అంటే తేమ చేరకుండా ఊదే పొడి నైట్రోజన్ గొట్టం వీలైనంత ఆఖర్న తీయాలి. మన ఖగోళ ఉపగ్రహం ఆస్ట్రోశాట్‌లోని యూవీ (అతినీలలోహిత) టెలిస్కోప్ మూతలు కక్ష్యలో రెండు నెలల దాకా తీయలేదు, లోపలి ఆవిర్లు పోవాలని.

పెన్నాగట్టు: మంచు, నైట్రోజన్ టెక్నీషియన్ చూసుకుంటాడు. వైబ్రేషన్ పరీక్షకు ముందొకసారి, తర్వాతొకసారి ఎంటీఎఫ్ (చిత్రం ఎంత స్పష్టంగా వస్తుందో చెప్పే లెక్క) కొలిచి, గ్రాఫ్ ఎందుకు కిందికి జారిందో చెప్పగలిగేది ఆప్టిక్స్ వాడే. అద్దం సర్దిన అనుభవం లేకుండా ఏందబ్బా ఈ వాదన?

ఒంగోలుగిత్త: మర్యాద తప్పొద్దు. మీ హబుల్ కథలో సగమే చెప్పారు, మిగతా సగం నేను చెప్తా. అద్దాన్ని కొలిచే నల్ కరెక్టర్‌లో ఒక లెన్సు 1.3 మి.మీ. తప్పుగా బిగించారు. అదే అద్దాన్ని చూసిన ఇంకో పరికరం తేడా చూపించింది. చదువు లేక కాదు, ఆ రీడింగుని తక్కువ ఖచ్చితత్వం ఉన్నదంటూ పక్కన పెట్టారు. గడువు తరుముతోంది కూడా. మేనేజర్‌కి కావాల్సింది పని ఆపే అధికారం.

పెన్నాగట్టు: ఇప్పుడొచ్చారు అసలు సంగతికి. దానికే నేనొప్పుకోను. తేదీ, డబ్బు రెండూ భుజాన ఉన్నవాడు తన పని తానే ఆపుకోడు. రివ్యూలో సంతకం పెట్టి "కక్ష్యలో సరిచేద్దాం" అనేస్తాడు. ఆపే అధికారం పేలోడ్ టీమ్‌కు సంబంధం లేని క్వాలిటీ వాళ్లకుండాలి.

ఒంగోలుగిత్త: వాళ్లు కాగితం చూస్తారు, రీడింగుని కాదు. పరికరం పోకడ తెలిసేది మేనేజర్‌కే. అతను ఆపితే రెండు వారాలు పోతాయి. బయటివాళ్లు ఆపితే కమిటీ వేసి రెండు నెలలు కూర్చుంటారు.

పెన్నాగట్టు: రెండు నెలలు పోనీ. ఎంతో ఎత్తున ఉండే భూస్థిర కక్ష్యలోకి పోయాక స్క్రూ తిప్పడానికి ఎవరు పోతారు? హబుల్ దగ్గరికి 1993లో మనుషులు పోయారంటే అది కింది కక్ష్యలో ఉంది కాబట్టే.

కందుకూరు మామ: ఎవరు ఆపినా రెండు కొలతలు పొసగకపోతే మూడోది వేరే పరికరంతో, వేరే మనిషితో చేయించండి అబ్బయ్యా. అదే నల్ కరెక్టర్‌తో పదిసార్లు కొలిచినా ఆ 1.3 మి.మీ. తప్పు పదిసార్లూ దాక్కునే ఉంటుంది.