గుణుపురం ఫీల్డాఫీసుకి వేరే లైంగిక వేధింపుల కమిటీ కావాలా?

లెక్కలబాబు, గుణుపురం:
మా సంస్థ హెడ్డాఫీసు శ్రీకాకుళం జిల్లా పాతపట్నంలో, ఫీల్డాఫీసు ఇక్కడ, ఒడిశా రాయగడ జిల్లాలో. జీతాల రిజిస్టరులో ఆరుగురే. ఊళ్లలో గౌరవ వేతనం మీద తిరిగే ఆడవాళ్లు తొమ్మిదిమంది, ఎక్కువమంది సవర గిరిజనులు. పదిమంది లేరు కనక లైంగిక వేధింపుల కమిటీ అక్కర్లేదని ఒకరు, హెడ్డాఫీసులో ఉన్నది చాలని ఇంకొకరు అంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి.

పర్లాకిమిడి పిన్ని:
రెండూ తప్పే బాబూ. మీ లెక్క ఆరు కాదు, పదిహేను. పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ఉద్యోగి అన్నప్పుడు జీతం ఉందా లేదా అని చూడదు. వాలంటీరు, ట్రైనీ, రోజుకూలి అందరూ వస్తారు. దానికి మూలమైన 1997 సుప్రీంకోర్టు విశాఖ తీర్పు (మన విశాఖపట్నం కాదు, కేసు వేసిన సంస్థ పేరు) వెనకున్నది రాజస్థాన్‌లో గౌరవ వేతనం మీద పనిచేసిన గ్రామ కార్యకర్తే. బాల్యవివాహం ఆపబోయినందుకు ఆమె మీద అత్యాచారం జరిగింది. అలాంటివాళ్లనే లెక్కలోంచి తీసేస్తారా?
కమిటీ ప్రతి ఆఫీసుకీ విడిగా ఉండాలి.

రాయగడ రైలు:
కమిటీకి అధ్యక్షురాలు పై హోదాలో ఉన్న మహిళా ఉద్యోగి. గుణుపురంలో అలాంటివారు లేకపోతే పాతపట్నం నుంచి వేసుకోవచ్చు, అక్కడా లేకపోతే వేరే సంస్థ నుంచైనా. ఉద్యోగుల్లోంచి కనీసం ఇద్దరు, బయటి సభ్యులు ఒకరు. మొత్తంలో సగానికి తగ్గకుండా ఆడవాళ్లు. పదవీకాలం మూడేళ్లు మించకూడదు. ఆర్డరు మీద తేదీ వేసి గోడకి అంటించండి, ఒడియాలోనూ తెలుగులోనూ.
చిన్న సంస్థల్లో మామూలుగా జరిగేది, కార్యదర్శి గారి భార్యని అధ్యక్షురాలిగా పెట్టేయడం. ఆ కమిటీ గడప ఎవరూ తొక్కరు.
బయటి సభ్యులకి రూల్సు ప్రకారం రోజుకి 200 రూపాయలు, పైన దారి ఖర్చులు. ఆ పద్దు బడ్జెట్‌లో ముందే పెట్టకపోతే విచారణ రోజున ఎవరూ రారు. అధ్యక్షురాలితో కలిపి ముగ్గురు కూర్చోకపోతే విచారణే చెల్లదు.

కొండదారి:
ఫిర్యాదు వచ్చాక మొదటి వారంలోనే చాలా కేసులు చెడిపోతాయి. ఆఖరి ఘటన జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి. కారణం రాసి కమిటీ ఇంకో మూడు నెలలు పెంచవచ్చు. రాతపూర్వకంగా, ఆరు ప్రతులు. అందిన ఏడు పనిదినాల్లో ఒక ప్రతి అవతలి వ్యక్తికి పంపాలి, అతను పది పనిదినాల్లో జవాబివ్వాలి. విచారణ 90 రోజుల్లో ముగియాలి, ఆ తర్వాత పది రోజుల్లో రిపోర్టు, దాని మీద 60 రోజుల్లో సంస్థ చర్య. లాయర్లని తెచ్చుకోవడానికి ఇరుపక్షాలకీ వీల్లేదు.
ఈలోగా ‘నీ మంచికే’ అంటూ ఆ అమ్మాయినే ఇంటికి పంపేస్తారు. అది శిక్షలాగే ఉంటుంది. సెలవైనా బదిలీయైనా ఆమె రాసి అడిగితేనే.
ఇంకోటి, ఊరి పెద్దల్ని కూర్చోబెట్టి తప్పు కట్టించి చేతులు దులుపుకోవడం. రాజీ ఆమె అడిగితేనే, అదీ విచారణ మొదలుకాకముందే, డబ్బు మీద అసలే కుదరదు. వాట్సాప్ గ్రూపులో క్షమాపణ పెట్టించడం ఇంకా ఘోరం. ఆమె పేరూ ఫిర్యాదులో సంగతీ బయటపెట్టడమే చట్టవిరుద్ధం.

లెక్కలబాబు, గుణుపురం:
ముందుగా ఆపే దారి ఏమన్నా ఉందా?

పర్లాకిమిడి పిన్ని:
సంతకం ఎవరి చేతిలో ఉందో చూడండి. ఊరి కార్యకర్త హాజరు, గౌరవ వేతనం బిల్లు, బండి పెట్రోలు, మూడింటి మీదా ఒక్క కోఆర్డినేటరే సంతకం పెడుతుంటే ఆమె అతనికి ఎదురు చెప్పలేదు. ఫిర్యాదు చేసిన నెల బిల్లు ‘వివరాలు చాలవు’ అని వెనక్కొస్తుంది. అందుకని హాజరు ఒకరు, బిల్లు ఇంకొకరు చూడాలి. వెనక్కి పంపిన ప్రతి బిల్లుకీ కారణం, తేదీ రిజిస్టరులో రాయాలి. ఆ రిజిస్టరు రేపు సాక్ష్యం కూడా అవుతుంది.
తర్వాత బండి. పని మీద వెళ్లే చోటూ, దానికి సంస్థ ఇచ్చే బండీ కూడా పనిచోటే అని చట్టం చెబుతోంది. కొండ ఊరికి సూపర్‌వైజరు బండి వెనక ఎక్కడం తప్ప దారి లేని షెడ్యూలు వేయకండి. సంత రోజు చూసుకుంటే ఆటో దొరుకుతుంది, పగలే తిరిగి రావచ్చు. శిక్షణలకి రాత్రి ఉండాల్సొస్తే ఆడవాళ్లకి వేరే బస, గది తాళం వాళ్ల దగ్గరే.

లెక్కలబాబు, గుణుపురం:
ఫిర్యాదు కార్యదర్శి మీదే అయితే? రాయడం రానివాళ్లు ఇస్తే?

రాయగడ రైలు:
కార్యదర్శి యజమాని కిందే లెక్క. యజమాని మీదైతే మీ కమిటీ చూడదు, ఇలాంటి ఫిర్యాదులు వినే జిల్లా లోకల్ కమిటీకి వెళ్లాలి. ఆమె పనిచోటు గుణుపురం కనక రాయగడ కలెక్టరేటుకే, శ్రీకాకుళానికి కాదు. అంతదూరం పోలేకపోతే బ్లాకులో ఈ ఫిర్యాదులు తీసుకునే నోడల్ అధికారికి ఇవ్వొచ్చు, వారు ఏడు రోజుల్లో పైకి పంపాలి. ఆ అధికారి పేరు, ఫోను నంబరు ఇప్పుడే కనుక్కుని నోటీసులో రాయండి.

కొండదారి:
రాయడం రాకపోతే రాసిపెట్టడం కమిటీ బాధ్యత. సవర మాటల్లో చెప్పింది చెప్పినట్టు రాసి, చదివి వినిపించి, వేలిముద్ర వేయించండి. దుబాసీగా ఆ కోఆర్డినేటరునో అతని చుట్టాన్నో పిలవకండి. అంగన్‌వాడీ అక్క దొరుకుతుంది, బయటికి పొక్కనివ్వనని ముందే సంతకం తీసుకోండి.